ఏనుగు చాటున మాస్టారు

మా ఉత్తరాంధ్రలో ఒక కుర్రాడు బియ్యం బస్తాని ఎవరి సాయమూ లేకుండా భుజానికెత్తుకుంటే "కోడి రామ్మూర్తిరా వీడు" అంటారు. అదే కుర్రాడు తన వల్ల కాని దుంగ దగ్గర నిలబడి చేతులు రుద్దుకుంటే "పెద్ద కోడి రామ్మూర్తి బయల్దేరాడు" అంటారు. మెచ్చుకోడానికీ ఆయనే, దెప్పడానికీ ఆయనే. మా నాన్న కళ్లంలో విన్నాను ఈ పేరు. విజయనగరంలో చదువుకునేటప్పుడు మెస్సులో విన్నాను. అరకు సంతలో బస్తాలు దించే కూలీల నోట విన్నాను. విన్న ప్రతిసారీ కళ్ల ముందుకి ఒకటే బొమ్మ వచ్చేది. నేల మీద వెల్లకిలా పడుకున్న మనిషి, ఆయన రొమ్ము మీద ఏనుగు.

ఆ మనిషి బతుకుతెరువు బడిలో డ్రిల్లు మాస్టారిగా మొదలైందని నాకు తెలిసేసరికి, నేను డ్రిల్లు మాస్టారినై ఆరేళ్లు దాటింది. వ్యాయామ విద్య చదివినప్పుడు గ్రీకుల ఒలింపియా గురించి చెప్పారు. స్వీడన్ వాళ్ల జిమ్నాస్టిక్స్, జర్మనీ వాళ్ల జిమ్నాస్టిక్స్ విడివిడిగా బట్టీ పట్టించారు. మా పక్క ఊరి మనిషి గురించి ఒక్క వాక్యం లేదు. తెలిసిన రోజున నాకు కోపం రాలేదు గానీ, చాలా దిగులేసింది. ఏనుగు వచ్చి నిలబడితే దాని వెనక ఎవరున్నారో కనపడరు కదా. ఆ ఏనుగు చాటున ఉండిపోయిన మాస్టారి కోసమే ఇది రాస్తున్నాను.

నేను అరకు చుట్టుపక్కల గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. కాగితం మీద పీఈటీ. తల్లిదండ్రులకి డ్రిల్లు మాస్టారు. పిల్లలకి ఆటల సార్. మూడు పేర్లలోనూ నాకు ఇష్టమైనది మధ్యది, ఎందుకంటే అది రామ్మూర్తి నాయుడు గారికి కూడా ఉన్న పేరు.

ఆయన ఊరు వీరఘట్టం, కొండల కాళ్ల దగ్గర ఊరు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది, వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. ఆయన పుట్టిన 1880ల తొలి ఏళ్లలో ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీకి ఉత్తరపు కొస. కొండల మీది ఊళ్లను 1839 నాటి చట్టంతో ఏజెన్సీ అని వేరు చేసి, కలెక్టరునే ఏజెంటుగా పెట్టి పాలించేవారు. బళ్లు మైదానంలో ఉండేవి. కొండెక్కి పైకి వచ్చిన బడి అరుదు.

తండ్రి వెంకన్న నాయుడు గారు. తల్లి చిన్నప్పుడే పోయింది. విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేసే పినతండ్రి నారాయణస్వామి గారు పిల్లవాణ్ణి తన దగ్గరకి తెచ్చుకుని పెంచారు. వీరఘట్టంలో ఉన్న రోజుల్లో తెల్లవారుజామునే లేచి, ఒక దూడని భుజాల మీద వేసుకుని చెరువు గట్టున నడిచేవాడని ఆ వైపు చెప్పుకుంటారు. ఇలాంటి కథే రెండున్నర వేల ఏళ్ల కిందటి గ్రీకు మల్లయోధుడు మైలో మీద కూడా ఉంది. దూడ రోజూ కాస్త పెరుగుతుంది, ఎత్తేవాడి బలం కూడా రోజూ కాస్త పెరుగుతుంది. ఇది జరిగిందా లేదా అని నేను వాదులాడను. నా వృత్తిలో మొట్టమొదటి పాఠం అదే. బరువు ఒక్కసారిగా పెరగకూడదు, ఒంటికి తెలియకుండా పెరగాలి.

మా కొండల్లో ఈ పాఠం ఎవరూ చెప్పకుండానే నడుస్తుంది. ఐదారేళ్ల పిల్ల చిన్న చెంబుతో గెడ్డకి వెళ్తుంది. ఎనిమిదేళ్లు వచ్చేసరికి అదే దారిలో బిందె, చంకలో చెల్లి. పన్నెండేళ్లకి నెత్తి మీద కట్టెల మోపు, ఎదురుగా ఎక్కుడు. ఆ పిల్ల బడికి వచ్చి మొదటిసారి పరుగు పందెంలో నిలబడితే మేము "అబ్బ, ఏం ఊపిరి!" అని నోరెళ్లబెడతాం. దూడ కథ వీరఘట్టం చెరువు దగ్గర పుట్టి ఉండవచ్చు. నేను మాత్రం దాన్ని అరకు గెడ్డ దారిలో ప్రతిరోజూ చూశాను.

విజయనగరం అప్పట్లో సంస్థానం. కోట ఉంది, కాలేజీ ఉంది, సంగీతం ఉంది, సాము గరిడీలు ఉన్నాయి. కుర్రాళ్లు తాలింఖానాలో మట్టి పూసుకుని దండాలు, బస్కీలు తీసేవారు. ఆ మట్టిలోనే రామ్మూర్తి ఒళ్లు తిరిగింది. అదే ఊళ్లో అవే రోజుల్లో గురజాడ అప్పారావు గారు ఉన్నారు. తిండికీ కండకీ ఉన్న చుట్టరికాన్ని దేశభక్తి గేయంలో పెట్టింది ఆయనే, 1910లో. ఒకరు రాస్తుంటే ఇంకొకరు ఒంటితో చేసి చూపించారు. ఇద్దరూ ఒక వీధిలో ఎదురుపడి ఉంటారని ఊహించుకోవడం నాకు ఇష్టం.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. రామ్మూర్తి మద్రాసు వెళ్లి, సైదాపేట కాలేజీలో ఒక ఏడాది వ్యాయామ శిక్షణ పొందారు. తిరిగి వచ్చి, తాను చదివిన విజయనగరం బడిలోనే వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు.

సైదాపేట అనగానే ఈ కాలం పీఈటీలకి వైఎంసీఏ కాలేజీ గుర్తొస్తుంది. అది వేరు. దాన్ని అమెరికా నుంచి వచ్చిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో మొదలుపెట్టారు, తర్వాతే అది సైదాపేట వైపు చేరింది. 1924 పారిస్ ఒలింపిక్స్‌కి భారత జట్టు మేనేజరుగా వెళ్లింది కూడా ఆ బక్ గారే. రామ్మూర్తి కాలానికి సైదాపేట అంటే సర్కారు వారి ఉపాధ్యాయ శిక్షణ కళాశాల, 1856లో నార్మల్ స్కూలుగా పుట్టిన సంస్థ. ఆ రోజుల్లో చాలా బళ్లలో డ్రిల్లు మాస్టారంటే పింఛను పుచ్చుకున్న సిపాయి. పటాలంలో తనకి నేర్పినదే పిల్లలకి నేర్పేవాడు. అటెన్షన్, స్టాండెటీజ్, లెఫ్ట్ రైట్. పిల్లవాడి ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి, వాడు పొద్దున ఏం తిన్నాడు అన్నది ఆయన పని కాదు. అలాంటి కాలంలో తాలింఖానా మట్టిలో పెరిగిన కుర్రాడు పాఠం చెప్పడమెలాగో నేర్చుకోడానికి మద్రాసు దాకా పోయాడు. బలం ఉన్నవాళ్లు వందమంది ఉంటారు. బలాన్ని నేర్పడం ఇంకో విద్య అని తెలిసినవాడు ఆ వందలో ఒకడు.

ఇంకో మాట, ఆయన తిరిగి వచ్చారు. చదువుకుని పైకి వెళ్లినవాడు తన బడికి తిరిగి రావడం ఎంత అరుదో నాకు తెలుసు. నా ముప్పై ఏళ్లలో కొండ దిగి కాలేజీకి వెళ్లిన పిల్లల్లో అలా వచ్చినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టగలను.

బడిలో ఆయన ఉన్నది కొద్దికాలమే. తుని రాజా వారి అండతో సర్కస్ కంపెనీ పెట్టి దేశం మీదికి వెళ్లిపోయారు. డ్రిల్లు మాస్టారు సర్కస్ పెట్టడం వింతగా అనిపిస్తుంది గానీ అప్పటి రోజుల్లో ఆ రెండూ పక్కపక్క ఇళ్లే. మలబారులో తలశ్శేరి దగ్గర కీలేరి కున్హికన్నన్ అనే ఆయన కూడా మిషన్ బడిలో జిమ్నాస్టిక్స్ నేర్పే మాస్టారే. 1901లో ఆయన చిరక్కరలో సర్కస్ శిక్షణ బడి పెట్టారు. ఈనాటికీ కేరళ సర్కస్‌కి తండ్రి అని ఆయన్ని అంటారు. బడి మైదానంలో నేర్పిన పల్టీకి డేరా కిందకి వెళ్తే డబ్బు వచ్చేది. ఇంకో కారణమూ ఉంది. 1904, 1905 ప్రాంతాల్లో యూజెన్ శాండో అనే బలశాలి ఐరోపా నుంచి వచ్చి మన నగరాల్లో ప్రదర్శనలు ఇచ్చాడు. బలం అంటే తెల్లవాడి ఒళ్లు అన్నట్టు పేపర్లు రాశాయి. స్వదేశీ ఉద్యమం పెరుగుతున్న రోజులవి. దండాలూ బస్కీలూ తీసి, మాంసం ముట్టకుండా పెరిగిన తెలుగువాడు అంతకు మించి చేసి చూపించడాన్ని దేశం పండగలా చూసింది. బెంగాల్లో, మహారాష్ట్రలో, హిందీ ప్రాంతాల్లో ఆయన పేరు 'ప్రొఫెసర్ రామమూర్తి'. సర్కస్ వాళ్లు ప్రొఫెసర్ అని పెట్టుకోవడం అప్పట్లో వాడుకే, కాదనను. అయినా సర్కస్ పోస్టర్ల మీద ఆ మాట చదివినప్పుడు నాకు డేరా కనపడదు, విజయనగరం బడి కనపడుతుంది.

ఆయన చేసినవన్నీ కథలుగా మన దగ్గర ఉన్నాయి. రొమ్ముకి చుట్టిన ఇనుప గొలుసుని ఊపిరి పీల్చి తెంపేవారు. రెండు భుజాలకీ గొలుసులు కట్టి, వాటిని రెండు మోటారు కార్లకి తగిలించి, కార్లు కదలకుండా ఆపేవారు. విశాఖపట్నంలో వైస్రాయి మింటో దొర కారుని ఆపారనీ, లండన్లో ఐదో జార్జి చక్రవర్తి 'ఇండియన్ హెర్క్యులెస్' అన్నారనీ చెబుతారు. కలియుగ భీముడు అన్నది మనవాళ్లు ఇచ్చిన బిరుదు. అందులో ఏది ఎంత అనేది పక్కన పెట్టి, నేను పిల్లలకి చెప్పేది ఇంకొకటి: రొమ్ము మీద ఏనుగు ఎలా సాధ్యం?

ఆసియా ఏనుగు మూడు టన్నులకి అటూ ఇటూ తూగుతుంది. ఇలాంటి ప్రదర్శనల్లో రొమ్ము మీద వెడల్పాటి బల్ల వేస్తారు. ఏనుగు బరువు ఒక్కచోట దిగకుండా బల్ల మొత్తానికీ, కింద మనిషి రొమ్ముకీ పొట్టకీ తొడలకీ పరుచుకుంటుంది. ఇది మోసం కాదు, విద్య. పంచిన తర్వాత కూడా మామూలు మనిషి పక్కటెముకలు ఆగవు. అక్కడే ఊపిరి పని మొదలవుతుంది. నిండా పీల్చి, గొంతు బిగించి, పొట్ట కండరాలు గట్టి చేస్తే మొండెం లోపల గాలి నిండిన బంతిలా అవుతుంది. బయటి నుంచి నొక్కేదాన్ని లోపలి ఒత్తిడి ఎదురు నొక్కుతుంది. బార్‌బెల్ ఎత్తే ప్రతి వెయిట్‌లిఫ్టరూ చేసేది ఇదే. ఇందులో రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది, బిగింపు వదిలేటప్పుడు కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఏళ్ల తరబడి ప్రాణాయామం చేసినవాడే ఆ గడియని తన చేతిలో ఉంచుకోగలడు. రామ్మూర్తి గారు తన బలమంతా ఊపిరిలోనే ఉందనేవారని పెద్దలు చెబుతారు. చివరి రోజుల్లో కాలికి పుండు వేసి కాలు తీసేయాల్సి వస్తే, మత్తుమందు వద్దని ఊపిరి నిలిపి ఊరుకున్నారని కూడా అంటారు. మా పిల్లలకి ఈ కథ చెప్పిన ప్రతిసారీ వెంటనే ఒక హెచ్చరిక పెట్టేవాణ్ణి, ఎందుకంటే మర్నాడే ఎవడో ఒకడు పడుకుని రొమ్ము మీద నలుగురిని ఎక్కించుకునేవాడు.

సంపాదించినదంతా పోయింది. దానాలకి కొంత, కంపెనీకి కొంత. ఆఖరి ఏళ్లు ఇప్పటి ఒడిశాలోని బలాంగీర్ వైపు సంస్థానాధీశుల ఆదరణలో గడిచాయి. 1942 జనవరిలో పోయారు. మా తూర్పు కనుమల ఈ పక్క పుట్టి, ఆ పక్క కన్ను మూశారు.

విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలో ఆయన పేరుతో స్టేడియం ఉంది. కిరండూల్ పాసింజరులో పిల్లల్ని విశాఖ తీసుకెళ్లినప్పుడల్లా విగ్రహం దగ్గర ఆపేవాణ్ణి. దారంతా సొరంగాలు లెక్కపెట్టుకుంటూ, ప్రతి సొరంగంలో కేకలు పెట్టుకుంటూ వచ్చిన పిల్లలు సముద్రం చూడగానే అన్నీ మర్చిపోయేవారు. విగ్రహం వైపు ఎవరూ తిరిగేవారు కాదు. వాళ్లది తప్పు కాదు. కొండ పిల్లలకి సముద్రం మొదటిసారి కనపడుతుంటే రాతి మనిషిని ఎవరు చూస్తారు? అయినా నేను ఒక దండం పెట్టుకుని మాస్టారికి నా హాజరు వేయించుకునేవాణ్ణి.

మాస్టారు మాస్టారిగానే ఉండిపోతే ఏమవుతుందో చూడాలంటే హైదరాబాదు వెళ్లాలి. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదువుతూ ఫుట్‌బాల్ ఆడారు. డిగ్రీ అయ్యాక కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. ఆ తర్వాత కోచ్‌గా హైదరాబాదు సిటీ పోలీసు జట్టు, ఆ తర్వాత దేశ జట్టు. 1951 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయారు. ఆయన పద్ధతి బడి మాస్టారి పద్ధతి. కుర్రాళ్లకి చేతకాని కాలుతోనే ఆడాలన్న నియమంతో పోటీలు పెట్టేవారు, బంతిని కాలి దగ్గర అట్టేపెట్టుకోకూడదన్న నియమంతో పోటీలు పెట్టేవారు. పిల్లవాడికి ఏది రాదో అదే ఆటగా మార్చి ఇవ్వడం. నేను ఎడమ కాలు ఆట అరకులో పెట్టి చూశాను. మొదటి రోజు అందరూ పడిపోయి నవ్వుకున్నారు, నెల తిరిగేసరికి రెండు కాళ్లూ ఒకటైపోయాయి. రహీం సాహెబు వారసత్వం మైదానంలో ఆటగాళ్ల రూపంలో కనపడింది. రామ్మూర్తి గారిది నోటి మాటల్లో మిగిలింది. ఇద్దరూ మొదలైంది మాత్రం ఒకే పీరియడు దగ్గర.

నా మొదలు ఇంత పెద్దది కాదు. విజయనగరంలో డిగ్రీ చదువుతూ 800 మీటర్లు పరిగెత్తేవాణ్ణి. ఒక పెద్ద పోటీకి నా ఎంట్రీ కాగితం సమయానికి చేరలేదని తిప్పి పంపారు. ఆ రాత్రి స్పైక్స్ బూట్లు బస్టాండులో ఒక కుర్రాడికి ఇచ్చేశాను. తర్వాత వ్యాయామ విద్య చదివి, అరకు పైన ఒక ఆశ్రమ పాఠశాలలో చేరాను.

మొదటి రోజు పొద్దున్నే విజిల్ ఊది "సావధాన్" అన్నాను. ఎవరూ కదల్లేదు. మా పిల్లలు ఇంట్లో కువి మాట్లాడేవాళ్లు, పోర్జా మాట్లాడేవాళ్లు, సంతలో అందరూ కలిసి ఆదివాసీ ఒరియా మాట్లాడేవాళ్లు. తెలుగు వాళ్లకి బడిలో కొత్తగా ఎదురయ్యే భాష. వారం రోజులు నా విజిలూ వాళ్ల మౌనమూ. తర్వాత ఒక సాయంత్రం హాస్టలు వెనక ఆడపిల్లలు థింసా ఆడుతుంటే చూశాను. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసి, వరసగా, కుడికి రెండు అడుగులు, ఎడమకి ఒకటి, గుండ్రంగా తిరుగుతూ. ఎవరూ ఆజ్ఞ ఇవ్వడం లేదు. డప్పు మారితే అడుగు మారుతోంది. నేను నెలలు పట్టి నేర్పాలనుకున్న వరస, తూకం, అడుగు కలపడం, అన్నీ అక్కడే ఉన్నాయి. మర్నాటి నుంచి డ్రిల్లుకి విజిల్ మానేసి డప్పు పెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని డప్పుతో పాటు అనిపించాను. ఆ ఏడాది ఒకటో తరగతి పిల్లలు తెలుగులో మొదట నేర్చుకున్న మాటలు ఆ నాలుగే.

చైత్రంలో ఇటుకల పండుగ వస్తే బడి ఖాళీ అయ్యేది. మగవాళ్లు వేటకని అడవికి పోయేవారు. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆట పట్టించేవారు. దారికి అడ్డంగా తాడు కట్టి వచ్చేపోయేవాళ్ల దగ్గర చందాలు అడిగేవారు. ఇప్పుడు వేట చట్టానికి విరుద్ధం, అడవిలో జంతువూ లేదు, పండుగ మాత్రం ఉంది. మొదట్లో పిల్లలు రాలేదని హాజరు పట్టీలో గైర్హాజరు వేసేవాణ్ణి. తర్వాత పండుగకి వాళ్ల ఊళ్లకే వెళ్లడం మొదలుపెట్టాను. ఏ పిల్లవాడు ఎంత ఎక్కుడు ఎక్కి బడికి వస్తున్నాడో, ఏ ఇంట్లో పొద్దున పొయ్యి మీద ఏముందో అప్పుడు తెలిసింది.

మైదానం నుంచి వచ్చేవాళ్లు ఒక మాట అంటారు: "కొండ పిల్లలు కదండీ, ఎత్తులో పుట్టారు, ఊపిరి పుట్టుకతోనే వస్తుంది." అది సగమే నిజం. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. క్రీడాకారులు రక్తం చిక్కబడాలని శిక్షణకి వెళ్లే చోట్లు 2000 మీటర్లకి పైన ఉంటాయి. మా పిల్లల ఊపిరి ఎత్తు ఇచ్చింది కాదు, నడక ఇచ్చింది. రోజూ ఎక్కి దిగిన కాళ్లు ఇచ్చాయి. పుట్టుకతో వచ్చిందనుకుంటే మాస్టారు చేయాల్సింది ఏమీ ఉండదు. నడక ఇచ్చిందనుకుంటే చేయాల్సినది చాలా ఉంటుంది.

చేయకూడనిదీ ఉంటుంది. మా ఏజెన్సీ పిల్లల్లో రక్తహీనత ఎక్కువ, సికిల్ సెల్ జబ్బు ఉంది. జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జూలైలో మొదలైంది గానీ, అంతకు ముందు చాలా ఏళ్లు మాకు ఆ పేరే తెలియదు. ఒక కుర్రాడు నాలుగో చుట్టులో కాళ్లు పట్టుకుని కూలబడిపోయేవాడు. బద్ధకం అనుకున్నాను. నీళ్లు తక్కువైనా, శక్తికి మించి పరిగెత్తినా, చలిలో తడిసినా వాళ్ల ఎర్ర కణాలు కొడవలిలా వంగి సన్న నాళాల్లో ఇరుక్కుంటాయని, ఆ నొప్పి ఎముకల్లో పుడుతుందని ఒక డాక్టరు గారు చెప్పిన రోజు నేను నిద్రపోలేదు. ఆ కుర్రాడి ఇంటికి వెళ్లి వాళ్ల అమ్మ ముందు తల దించుకున్నాను. అప్పటి నుంచి పరుగుకి ముందు ప్రతివాడికీ రెండు గ్లాసుల నీళ్లు, రక్తపరీక్ష చూడనిదే పోటీ లేదు. ఆ కుర్రాడికి స్టాప్‌వాచ్ ఇచ్చాను. మా బడిలో వాడంత ఖచ్చితంగా టైము పట్టినవాడు ఇంకొకడు లేడు.

తిండి సంగతి. రామ్మూర్తి గారి శాకాహారం గురించి అందరూ చెబుతారు. మా పిల్లలకి ఆ ఎంపిక ఎప్పుడూ లేదు, దొరికిందే తినేవారు. పరిగెత్తే పిల్లలకి పొద్దున ఐదున్నరకి రాగి జావ ఇవ్వాలని హాస్టల్లో అడిగాను. అదనపు పద్దు లేదన్నారు. రాగులు కొండ మీదే పండుతాయి. తల్లిదండ్రులు సంతకి వచ్చినప్పుడు తలా ఒక మానిక తెచ్చి ఇచ్చారు. ఏడాది పొడుగునా జావ కాగింది.

కోడి రామ్మూర్తి గారి బరువులు మా ఉత్తరాంధ్రని వదిలిపెట్టలేదు. విజయనగరం దగ్గర నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ అనే ఊరుంది. ఇంటింటా వెయిట్‌లిఫ్టర్లని చూపిస్తారు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. మొదట కాంస్యం, పైనున్న అమ్మాయి డోపింగులో దొరికాక అదే రజతమైంది. వీరఘట్టానికి కిందుగా ఆమదాలవలస. అక్కడ నీలంశెట్టి అప్పన్న గారు అనే మాస్టారు ఆడపిల్లల చేత బరువులు ఎత్తించారు. ఆ పిల్లల్లో ఒకరు కరణం మల్లీశ్వరి. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయ్యింది. ఆ సాయంత్రం మా హాస్టల్లో ఉన్న ఒక్క రేడియో చుట్టూ కూర్చున్నాం. ఆమె పేరు అందరికీ తెలుసు. అప్పన్న గారి పేరు వార్తల్లో ఎక్కడైనా వస్తుందేమోనని నేను చెవులు రిక్కించుకుని విన్నాను.

నా శిష్యుల్లో ఒలింపిక్స్‌కి ఎవరూ వెళ్లలేదు. జిల్లా దాటినవాళ్లు కొందరు, రాష్ట్రం దాటినవాళ్లు ఇద్దరు. పోలీసుల్లో ఉన్నారు, రైల్వేలో ఉన్నారు, కాఫీ తోటల్లో ఉన్నారు. ఒక పోర్జా అమ్మాయి ఉంది. 1500 మీటర్లు పరిగెత్తేది. పదో తరగతిలో పెళ్లి అన్నారు. వాళ్ల నాన్న దగ్గరకి మూడుసార్లు వెళ్లాను. మూడోసారి ఆయన "నువ్వు పెంచుతావా మాస్టారూ?" అన్నాడు. "నువ్వే పెంచు, నేను పరిగెత్తిస్తాను" అన్నాను. చాలాసేపు నేల చూస్తూ కూర్చుని, చివరికి సరే అన్నాడు. ఆ పిల్ల విశాఖలో డిగ్రీ చేసింది, కాలేజీ జట్టులో పరిగెత్తింది, వ్యాయామ విద్య చదివింది. కింద పట్నంలో ప్రైవేటు బళ్లు పిలిచాయి. పోయిన ఏడాది కొండెక్కి వచ్చి, అరకు దాటాక ఒక బడిలో ఒప్పంద ఉద్యోగంలో చేరింది.

జూన్లో కబురు పెట్టింది, గ్రౌండు గీయాలి, ఒకసారి రండి మాస్టారూ అని. రిటైరయ్యాక మొదటిసారి కొలత టేపు పట్టుకుని వెళ్లాను. ఆ బడికి చదును నేల లేదు. వంపుగా పోయిన మెట్ట మీద 200 మీటర్ల చుట్టు ఎలాగో కుదిరింది. నేను మేకు పాతి తాడు పట్టుకుంటే ఆమె సున్నం డబ్బాతో వెనక్కి నడుస్తూ గీత వేసింది. పిల్లలు గట్టు మీద కూర్చుని చూస్తున్నారు. ఒక పక్క పల్లం, ఒక పక్క ఎక్కుడు. ఎక్కడ మొదలుపెట్టాలో తేలలేదు. పల్లంలో మొదలుపెడితే పిల్లలు ఉత్సాహంగా దూకి చివర్లో ఎక్కుడులో పడిపోతారని నేను అన్నాను. ఆమె చుట్టు మొత్తం ఒకసారి నడిచి వచ్చింది.

"ఎక్కుడులోనే మొదలెడదాం మాస్టారూ. వీళ్లు రోజూ బడికి వచ్చేది అలాగే."

చెప్పి, డబ్బా వంచి, ఎక్కుడు కింద తెల్లగా ఒక అడ్డగీత గీసింది. తర్వాత అందరికీ రెండేసి గ్లాసుల నీళ్లు పోసింది.